చిన్నాయనను ఎవరూ పట్టుకోని కబడ్డీ

మా చిన్నతనంలో మా ఊరు మండికల్‌లో ఆదివారం సాయంత్రం అంటే కబడ్డీయే... పాలు పోసి వచ్చిన కుర్రాళ్ళంతా ఊరి బయట మైదానంలో చేరేవాళ్ళు. పిల్లలం గట్టు మీద కూర్చుని అరిచేవాళ్ళం.

కూతకు వెళ్ళడంలో మా చిన్నాయనను మించినవాడు లేడు. మా నాన్నకు తమ్ముడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. పాల డెయిరీలో క్యాన్లు కడిగే పని.

ఒక చలికాలం అతని మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా పొక్కింది. గోకి గోకి చర్మం మొద్దుబారి నల్లబడింది. మా అవ్వ వేపాకు నూరి పూస్తే ఇంకా మండింది. ఊళ్ళో గజ్జి అన్నారు...

ఆ ఆదివారం చిన్నాయన కూతకు వెళితే, అవతలి జట్టు వెనక్కి వెనక్కి జరిగింది. పట్టుకునేవాడే లేడు! మేము గెలిచామని చప్పట్లు కొట్టాం. చిన్నాయన మాత్రం కూత ఆపేసి, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మైదానం వైపు పోలేదు. తన కంచం తానే వేరు పెట్టుకున్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకునేది.

నాన్న అతన్ని చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెంటపడి వెళ్ళాను.

"ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉండాదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అమ్మకు ఉండాదమ్మా," అన్నాడు చిన్నాయన.

"పనేమి చేస్తావప్పా?"

"చాకలి సోడా కలిపిన నీళ్ళతో పాల క్యాన్లు కడుగుతా."

"ఇది ఎగ్జిమా. గజ్జి కాదు, ఎవురికీ అంటుకోదు. ఇంట్లో ఉబ్బసముంటే ఇది వచ్చేది ఎక్కువ. చలిగాలి, దుమ్ము, చెమట, ఆ సోడా... అన్నీ దాన్ని రేపుతాయి. నీ ఈడు పిల్లోళ్ళు దీంతోనే ఎంతమంది వస్తాండారో! నువ్వొక్కడివే అనుకోవద్దప్పా."

పూతమందు రాసిచ్చింది. స్నానం కాగానే, ఒంటి తడి ఆరకముందే చర్మం మెత్తబడే క్రీము పట్టించమంది. క్యాన్లు కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోమంది.

దురద తగ్గాక ఒక ఆదివారం చిన్నాయన తనంతట తానే మైదానానికి వెళ్ళాడు. చొక్కా విప్పి, అందరి ముందూ చేతులు చాపాడు.

"ఇది అంటుకునేది కాదని డాక్టరమ్మ చెప్పినారు. అయినా భయమైతే చెప్పండప్పా, నేను ఆడను."

అంతలో అవతలి జట్టు పెద్ద రామాంజి ప్యాంటు పైకి మడిచి చీలమండ చూపించాడు.

"నాకూ ఉండాది. ఎవురితోనూ చెప్పుకోలే."

ఇంకొకడు మోకాలి మడత చూపించాడు. మరొకడు మెడ వెనక...

"సరే రాప్పా కూతకు! ఈసారి యాడికి తప్పించుకుంటావో చూస్తాం!" అన్నాడు రామాంజి.

చిన్నాయన గీత దాటగానే అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. ఎర్రమట్టిలో పొర్లి, ఔటై, పగలబడి నవ్వుతూ లేచాడు. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు!

ఇంటికొస్తే అవ్వ తిట్లు... "దుమ్ము వద్దని చెప్పలేదారా ఆ డాక్టరమ్మ!"

ఇప్పటికీ చలికాలంలో అది వస్తుంది, మందుకు తగ్గుతుంది. చిన్నాయన దాన్ని పెద్దగా లెక్కచేయడు.

ఈ రోజుల్లో కుర్రాళ్ళు ఫోనులో వెతికి, ఏదో ట్యూబు తెప్పించుకుని, తలుపేసుకుని పూసుకుంటున్నారు. పక్క గదిలోవాడికీ అదే ఉందని వాళ్ళకు తెలియదు... నలుగురూ ఒకచోట చేరి ఆడుకునే సాయంత్రాలు తగ్గిపోయాక, ఎవరి దురద వాళ్ళదే అయిపోయింది.

మీ ఊళ్ళోనూ ఇలా ముందుగా చెయ్యి చాపి చూపించినవాళ్ళు ఉన్నారా? వాళ్ళ గురించి వినాలని ఉంది...