తాతను కింద పెట్టిన రోజు

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం వచ్చిన కొత్తలో, నా మోకాళ్లు ఇంకా నా మాట వినేవి. అందుకే చిన్న విమానం ఎక్కగలిగాను. (నవ్వకు, రాసుకో.) కృష్ణ నది దగ్గర విమానం నడపడం నేర్పేచోట మీ తాత కాపలాదారు. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లకు వంకర తిరిగిన కాళ్లతోనే, విమానం దిగే ముందు రన్‌వే మీది కుక్కలను తరిమేవాడు. అన్ని విమానాలను క్షేమంగా దింపినవాడు ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. "ఒక్కసారన్న ఎక్కుత" అంటూనే పోయాడు. అక్కడ నేర్పే అమ్మాయి, ఆయన పెట్టిన చాయ్ రోజూ తాగిన పిల్ల, ఏడ్చుకుంటూ వచ్చి, "అవ్వా, తాతను నేను ఎక్కిస్త. కృష్ణ మీద ఒక చక్కర్ కొట్టి వద్దం" అంది.

అట్లా అస్థికల కుండతో ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. నదిలో కలిపేదాకా కుండ నేలకు తగలకూడదు కదా, రెండు చేతులతో కావలించుకున్నాను. (బతికుండగా అంత గట్టిగా ఎన్నడూ పట్టుకోలేదు.) "చూడు, ఎంత నీళ్లో" అని కుండకు చూపిస్తుంటే వైర్లు కాలిన వాసన. ముందున్న మీటర్ల కింది నుంచి పొగ! అమ్మాయి టక్కున కరెంటు స్విచ్చి ఆపేసింది. రేడియో మూగబోయింది.

"ఇంజను ఆగుతదా బిడ్డా?"

"ఆగదవ్వా, దానికి గీ కరెంటుతోని పనిలేదు. నీ కాళ్లకాడ ఎర్ర సిలిండర్ ఉంది, తీసియ్యి. జల్ది!"

"చేతులు ఖాళీ లేవు!"

"తాతను కింద పెట్టు!"

"వద్దు బిడ్డా, భూమికి తగలొద్దు!"

"గీడ భూమి యాడుందవ్వా? మనం గాలిలున్నం!"

నిజమే కదా! కుండను కాళ్ల మధ్య పెట్టి సిలిండర్ అందించాను. ఆమె పొగ మీద కొట్టింది. తెల్లపొడి కుండ నిండా, మా నెత్తుల నిండా పడి, ఆ పిల్ల కూడా నా ఈడుదైపోయింది. మంట ఆరాక కిటికీ తెరిచి, దగ్గుకుంటూ వెనక్కి మళ్లాం. తీరా చూస్తే రన్‌వే మీద కుక్కలు. చెప్పడానికి రేడియో లేదు, తరమడానికి మనిషి లేడు. నేను కిటికీలోంచి మీ తాత లెక్కనే "హేయ్, పోండే!" అని అరిచాను. ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? అమ్మాయి పైనుంచే ఒక చుట్టు తిప్పితే ఇంజను మోతకు కుక్కలు పారిపోయాయి. దిగాం. చక్రాలు ఆగాక ఇద్దరం కుండ మీద పడి ఏడ్చాం.

సాయంత్రం నడిచి వెళ్లి నదిలో కలిపాం. ఇప్పుడు నాకు గడప దాటాలన్నా నీ భుజం కావాలి. రేపు నన్ను కుండలో మోసేటప్పుడు నీ చేతులు గుంజితే, జర కింద పెట్టు బిడ్డా. నేనేమనుకోను. ఆయన కూడా ఏమనుకోలేదు.