మైకుసెట్టు బాబాయిగారి రాక్ కచేరీ

పోయిన నెల కాలేజీలో పాఠం ముగించి బయటికి వచ్చేసరికి అమ్మ ఫోను. మా పక్కింటి మైకుసెట్టు బాబాయిగారు తెల్లవారుజామున పోయారట. వెంటనే రాజోలు బస్సెక్కాను. మీలో ఆ చుట్టుపక్కల పెళ్లి చేసుకున్నవాళ్లుంటే, మీ పందిట్లో మోగినవి బహుశా ఆయన బాక్సులే. ఆయన తన కోసం వినే పాటలు మాత్రం మీకు తెలిసి ఉండవు.

బాబాయిగారికి విదేశీ రాక్ కచేరీల రికార్డింగులంటే ప్రాణం. ఓడల్లో పనిచేసే స్నేహితుడొకరు క్యాసెట్లు కాపీ చేయించి తెచ్చేవారు. స్టూడియోలో పాడిన పాట ఆయనకు నచ్చేది కాదు. "అది ఇస్త్రీ చొక్కా అమ్మా. ఇది చెమట పట్టిన చొక్కా. లోపల మనిషున్నాడని తెలుస్తాది" అనేవారు. పాటకు ముందు డ్రమ్ము పుల్లలు టకటకలాడటం, గిటారు తీగను మధ్యలో బిగించుకోవడం, గాయకుడు చరణం మరిచిపోతే జనం అందుకోవడం... ఆ చోట్లు రాబోతుంటే ముందే వేలు పైకెత్తేవారు. నాకు ఇప్పటికీ ఆ చోట్లే ఇష్టం.

బాక్సులు సరిచూడటానికీ అవే వేసేవారు. ఐనవిల్లి దగ్గర ఒక పెళ్లిలో ఆ జనం హోరు విని, మగపెళ్లివారు దిగిపోయారనుకుని ఆడవాళ్లు హారతి పళ్లెంతో రోడ్డు మీదికి పరుగెత్తారు.

నాన్నది చేపల పడవ. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. బాబాయిగారికి ఇంగ్లీషు రాదు కనుక, ఏడో తరగతిలో ఉండగానే నేను ఆయనకు దుబాసీనయ్యాను.

"పాట ఆపి ఏవంటున్నాడే?"

"వెనకున్నవాళ్లకి వినపడుతోందా అని అడుగుతున్నాడండి."

"అంతేనా! ఇన్నేళ్లూ ఏదో వేదాంతం చెబుతున్నాడనుకున్నాను. మనలాగే మైకు టెస్టింగన్నమాట!"

ఆ ఏడాదే బడిలో ఇంగ్లీషు పద్యాల పోటీ పెట్టారు. "రికార్డు చేసుకుని విను. నీ తప్పు నీకే తెలుస్తాది" అని బాబాయిగారు టేప్ రికార్డరూ, ఒక ఖాళీ క్యాసెట్టూ ఇచ్చారు. నేను ఎర్ర బటను నొక్కి చదువుతుంటే, అవతల వైర్లు చుట్టుకుంటూ ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నారు. అయ్యాక చూస్తే ఖాళీ క్యాసెట్టు బల్ల మీదే ఉంది. లోపలున్నది ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన కచేరీ.

"తప్పయిపోయిందండి బాబాయిగారూ. మీ పాట చెరిపేశాను."

ఆయన మొహం చిన్నబోయింది. టేపు వెనక్కి తిప్పి విన్నారు. గిటారు మోగుతోంది. టక్కుమని నా పద్యం. అది అవగానే మళ్లీ టక్కుమని వేలమంది చప్పట్లు.

"ఓసినీ! పాడింది ఆళ్లు, చప్పట్లు నీకా?" అని పగలబడి నవ్వారు. "ఉండనియ్. ఇదీ లైవే."

పోటీలో నాకు బహుమతి రాలేదు. కానీ ఇవాళ క్లాసులో నిలబడి పాఠం చెబుతుంటే నా గొంతు వణకదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పిన్నిగారు ఆయన ఫోటో తుడుస్తూ అన్నారు, "ఊళ్లో అందరి గొంతూ వినిపించేరు. తన గొంతు ఒక్కచోటా దాచలేదే అమ్మా. ఫోనులో కూడా లేదు."

నాకు చటుక్కున గుర్తొచ్చింది. "ఉందండి పిన్నిగారూ!" అని ఆయన మైకుసెట్టు సామాను ఉంచే షెడ్డులోకి పరుగెత్తాను.

క్యాసెట్టుకు తెల్లగా బూజు పట్టింది. టేపు తెగిపోతుందేమోనని పిన్నిగారు భయపడ్డారు. ఆయన నేర్పినట్టే దూదితో మెల్లగా తుడిచి, టేప్ రికార్డరును పెద్ద బాక్సుకు తగిలించాను.

గిటారు మోగింది. టక్కుమంది. గుటకలు మింగుతూ నా చిన్నప్పటి గొంతు. దాని వెనక, కాస్త దూరం నుంచి, ఆయన:

"గట్టిగా చదవమ్మా! వెనకున్నోళ్లకి వినపడాలి!"

పిన్నిగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. టేపు మళ్లీ టక్కుమంది. ఏ దేశంలోనో, వేలమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.