మూడో ధార

అంతోనమ్మ పుట్టింది పెనుగొలనులో. కాపురానికి వచ్చింది తిరువూరుకి మూడు మైళ్ళ దూరంలో, చెరువు వెనక ఉన్న పాలేనికి. నలభై గడపల క్రైస్తవుల పాలెం అది. అందరూ కూలినాలి చేసుకునేవాళ్ళే. ఆమె పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పత్తి చేలో ఈ చివర నిలబడి మాట్లాడితే ఆ చివరకి వినపడేది. పిల్లలు కలగలేదు. మొగుడు జోజప్పకి ఉబ్బసం. చలికాలం వస్తే మంచం దిగలేడు. ఇంటి బరువంతా ఆమే మోసేది.

పక్కింట్లోనే జోజప్ప చెల్లెలు హన్నమ్మ ఉండేది. మొగుడు యోసేపు, ఆరేళ్ళ కూతురు ప్రేమావతి. వదినా ఆడబిడ్డలు పనికి కలిసి పోయి కలిసి వచ్చేవాళ్ళు. ఒకరింట్లో కూర ఉడికితే గిన్నె రెండో ఇంటికి నడిచేది.

డెబ్బైరెండులో వానలు మొహం చాటేశాయి. వరి ఊడ్చినవాళ్ళు ఊడ్చినట్టే వదిలేశారు. మరుసటేడు ఈస్టరు పండగ నాటికి చెరువు నెర్రెలిచ్చింది. పాలెం బావి ఒరలు లోపలికి కూలి, అడుగున ఎర్రటి బురద మిగిలింది. యోసేపు పని వెతుక్కుంటూ బెజవాడ వెళ్ళి, అక్కడ లారీల సరుకు దించే పనిలో చేరాడు. ఆడవాళ్ళు చెరువులో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళని చీర చెంగుతో వడగట్టి తెచ్చుకున్నారు. ఆ నీళ్ళు తాగిన పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక్క వారంలో పాలెంలో ఇద్దరు పిల్లలు పోయారు.

చెరువు కట్ట కింద బసవపున్నయ్యగారి మామిడితోట ఉంది. తోటలో లోతైన బావి, దానికి ఆయిలింజను. అప్పటిదాకా రోజూ పొద్దున పాలెం ఆడవాళ్ళు బిందెలు దూరంగా వరసలో పెట్టుకుని నిలబడితే పాలేరు తోడి పోసేవాడు. వాళ్ళు ఒర ముట్టుకోకూడదు. పండగ వెళ్ళిన మూడో రోజున బసవపున్నయ్యే స్వయంగా వచ్చి చెయ్యి అడ్డం తిప్పాడు.

"రేపట్నుంచి రాకండి. కాయంతా రాలిపోతోంది. చెట్లకే చాలట్లేదు, మీకెక్కణ్ణించి పొయ్యను?"

"పసిబిడ్డలు చచ్చిపోతున్నారయ్యా" అంది అంతోనమ్మ.

"నా చేతుల్లో ఏముందే? చెరువులో ఇంకో రెండు చెలమలు తీసుకోండి."

ఖాళీ బిందెతో కట్టెక్కుతుంటే అంతోనమ్మకి తండ్రి రాయప్ప గుర్తొచ్చాడు. ఆయన మోదుగాకులు కోసి, విస్తళ్ళు కుట్టి అమ్మేవాడు. ఆకు కోసం చెరువు పైనున్న అడవిలోకి వచ్చినప్పుడు ఒకసారి ఎనిమిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకొచ్చాడు. శ్రావణమాసం వానలు. వాగు వెంబడి ఎక్కి వెళ్ళి రెండు ధారలు చూపించాడు. ఒకటి ఇద్దరు మనుషుల ఎత్తు. రెండోది తాడిచెట్టంత ఎత్తునుంచి కిందికి దూకుతోంది. తుంపరకి తడిసి ఆమె కేరింతలు కొట్టింది. "దీని వెనక ఇంకోటుంది" అన్నాడు తండ్రి. "పిల్లలు ఎక్కలేరు. ఎన్ని కరువులొచ్చినా అది ఎండదంట, మా నాన్న చెప్పేవాడు."

మర్నాడు తెల్లారగానే హన్నమ్మని లేపి, రెండు బిందెలతో అడవిదారి పట్టింది.

వాగులో నీళ్ళు లేవు, ఇసకే. ఇసక అయిపోయాక గుండ్లు మొదలయ్యాయి. రెండు పక్కలా చెట్లు ఆకు రాల్చి మోడుల్లా నిలబడి ఉన్నాయి. కాలి కింద ఎండుటాకులు తప్ప ఇంకే చప్పుడూ లేదు. మైలున్నర నడిచాక మొదటి ధార చోటు వచ్చింది. బండ మీద నీళ్ళు జారిన నల్లటి చార ఉంది. ఎండిన పాచి పొలుసుల్లా రాలుతోంది.

"ఇదేనా వదినా, మీ నాన్న చూపించిన వింత?" అంది హన్నమ్మ. నవ్వబోయింది గానీ పెదాలు పగిలి నెత్తురొచ్చింది.

రెండోది ఇంకో మైలు పైన. దాని కింద ఒకప్పుడు మడుగుండేది. ఇప్పుడు అందులో కుళ్ళిన ఆకులు, ఒక అడవిపంది కళేబరం ఉన్నాయి. నీళ్ళకోసమే వచ్చి అక్కడే పడిపోయినట్టుంది. వాసనకి ఇద్దరూ ముక్కులు మూసుకున్నారు.

"పోదాం పద వదినా. ఇక్కడేం లేదు."

అంతోనమ్మ కదల్లేదు. బండ పైకి చూస్తోంది. కుమ్మరిపురుగులు రెండు మూడు, గూడు కట్టుకునే మట్టి ఉండలు పట్టుకుని పైనుంచి ఎగిరి వస్తున్నాయి. ఒకటి ఆమె భుజం పక్కనుంచే పోయింది. దాని నోట్లో మట్టి నల్లగా, తడిగా ఉంది. ఈ అడవిలో తడిమట్టి ఎక్కడిది? చీర గోచీ పోసి బిగించి, బండ పక్కనున్న వేళ్ళు పట్టుకుని ఎక్కింది. పైన మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సన్నటి అంచు. అంచు చివర రాతిలో చీలిక. పాక్కుంటూ దూరింది.

లోపల చల్లగా ఉంది. చీకటికి కళ్ళు అలవాటు పడకముందే చప్పుడు వినపడింది. పైకప్పు రాతిలోంచి దిగిన ఒక వేరు మీదుగా, చిటికెనవేలంత ధార, కింద తొట్టిలాంటి గుంటలోకి పడుతోంది. దోసిట పట్టి తాగింది. పళ్ళు జివ్వుమన్నాయి. "హన్నమ్మా!" అని ఆమె వేసిన కేకకి బండలు మారుమోగాయి. హన్నమ్మ కూడా పైకొచ్చి, మొహం మొత్తం నీళ్ళలో ముంచి, లేచి, వదిన మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది.

ఆ సాయంత్రానికి పాలెం అంతా అంతోనమ్మ గుమ్మం ముందుంది. ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. తొట్టి నిండడానికి ఒక రాత్రంతా పడుతుంది. నిండితే ముప్పై బిందెలు. పసిపిల్లలున్న ఇంటికి రోజుకో బిందె, మిగతా ఇళ్ళకి రోజు విడిచి రోజు. పొద్దున చల్లటి వేళ అందరూ కలిసే వెళ్ళాలి. ముంచుకున్నాక మర్నాటిదాకా తొట్టి జోలికి ఎవరూ పోకూడదు. ఒంటరిగా అసలే పోకూడదు. ఊళ్ళో ఎవరితోనూ అనకూడదు.

పాలెం ఆమె మాట విన్నది. ముసలాళ్ళు కూడా "అంతోనమ్మ ఏమంటే అది" అన్నారు. జన్మలో మొదటిసారి నలుగురు ఆమె నోటివైపు చూశారు. ఆ మాట ఆమెకి తియ్యగానే ఉంది. తర్వాత ఆమే ఒప్పుకుంది ఆ సంగతి.

మూడు వారాలు అలాగే నడిచింది. విరేచనాలు తగ్గాయి. కానీ ఎన్నో బిందెలు ఆ అంచు మీదుగా పోవడంతో నీళ్ళు ఒలికి, ఎండిన పాచి మళ్ళీ పచ్చబడింది. రాయి నున్నగా తేలింది.

మే నెల నడిమధ్యలో ప్రేమావతికి జ్వరం తగిలింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. వాంతులతో బట్టలు, చాప పాడవుతున్నాయి. హన్నమ్మ తెచ్చుకున్న బిందె పొద్దెక్కకముందే అయిపోయింది. ఆమె వదినింటికి వచ్చింది.

"వదినా, ఇంకో బిందె కావాలి. పిల్ల ఒళ్ళు తుడవాలి, బట్టలు జాడించాలి. నువ్వూ రా, ఒక్కసారి పోయొద్దాం."

"తొట్టిలో ఏముందిప్పుడు? పొద్దునే ఊడ్చేశాం."

"అడుగున ఎంతో కొంత ఊరుంటుంది కదా."

"ఈ పూట నువ్వు ముంచితే రేపు ఇంకొకళ్ళకి తక్కువవుద్ది. నా ఆడబిడ్డని పంపితే రేపు పాలెమంతా నా మీద పడుద్ది. నా మాట ఎవరు వింటారు?"

మంచం మీదనుంచి జోజప్ప ఆయాసపడుతూ అన్నాడు, "మనింట్లో సగం బిందె ఉందిగా. ఇచ్చెయ్యవే."

"నీకు కషాయం కాచొద్దా?" అని అంతోనమ్మ ఒక చెంబు ముంచి ఇచ్చింది. హన్నమ్మ చెంబు వైపు చూసింది, వదిన వైపు చూసింది. చెంబు పుచ్చుకుని వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం అంతోనమ్మ పిల్లని చూద్దామని పక్కింటికి పోయింది. ప్రేమావతి ఒక్కతే చాప మీద పడుకుని ఉంది. తల కింద తడిగుడ్డ. చెంబు ఖాళీ.

"మీ అమ్మేదే?"

"నీళ్ళకి పోయింది అత్తా. నిద్రపొమ్మంది."

అంతోనమ్మ పిల్లని పక్కింటి పుల్లమ్మకి అప్పజెప్పి పరుగెత్తింది. చెరువు నెర్రెల మీద, ఇసక మీద, గుండ్ల మీద. అరికాళ్ళు బొబ్బలెక్కిన సంగతి ఆమెకి సాయంత్రందాకా తెలియలేదు. దారంతా తిడుతూనే ఉంది, ఆడబిడ్డని. మొదటి ధార దాటాక తిట్లు ఆగిపోయాయి. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

హన్నమ్మ రెండో ధార కింద, కుళ్ళిన ఆకుల్లో పడి ఉంది. నడుం కింద కాళ్ళు రెండూ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. బిందె సొట్టబోయి దూరంగా దొర్లింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"వదినా, నీళ్ళు ఒలకబోశాను" అంది.

"పోనీలే. పోనీలేవే. కదలకు."

"సగం బిందె దొరికాయి. చెప్పకుండా వచ్చానని కోప్పడకు."

అంతోనమ్మ వంగి ఆమెని భుజాన వేసుకుంది. తనకంటే జానెడు పొడుగు మనిషి. ఎక్కడ పట్టుకుంటే నొప్పి పెడుతుందో తెలియదు. ప్రతి అడుక్కీ హన్నమ్మ మూలిగేది. మూలుగు వినపడినంతసేపు అంతోనమ్మకి ధైర్యంగానే ఉంది. చెరువు పల్లంలోకి దిగాక అది ఆగిపోయింది. అయినా ఆగకుండా మోసుకెళ్ళింది. కట్ట మీద ఎవరో ఎదురొచ్చి దించమంటే దించింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

మర్నాడు సమాధి చేశారు. కబురందుకుని యోసేపు మూడోరోజుకి వచ్చాడు. కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పూట కూర్చున్నాడు. "నా దగ్గర పిల్లని చూసేవాళ్ళు ఎవరున్నారు? నీ దగ్గరే ఉండనీ అక్కా" అని బస్సెక్కాడు. ప్రేమావతి జ్వరం అప్పటికి దిగిపోయింది.

ఆ వారంలోనే బసవపున్నయ్య పాలెం మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇంత కష్టం పడుతున్నారని నాకెవరన్నా చెప్పారా? అడిగితే నేను కాదంటానా?"

"అడిగామండీ" అంది అంతోనమ్మ. "చెట్లకి కావాలన్నారు."

ఆయన తల తిప్పుకున్నాడు. మర్నాటినుంచి పొద్దున రెండు గంటలు పాలేనికి నీళ్ళు పోయించాడు. మళ్ళీ దూరంనుంచే.

జూన్ ఆఖరుకి వానలు పట్టుకున్నాయి. చెరువు నిండింది. అడవి చిగిర్చింది. మూడు ధారలూ దిగాయన్న మాట ఎలా పాకిందో తిరువూరుదాకా పాకింది. ఒక ఆదివారం హైస్కూలు మాస్టరు సుందరరావుగారు ఇంకో నలుగురు మాస్టర్లని వెంటేసుకుని, టిఫిను క్యారియర్లతో వచ్చారు.

"ఆ జలపాతాలు కనిపెట్టింది నువ్వేనటగా అమ్మా? కాస్త దారి చూపించవూ?"

పాలెంవాళ్ళు ఆమె ఏమంటుందోనని చూశారు. అంతోనమ్మ చెంగు బిగించి ముందు నడిచింది. మొదటిది చూపించింది. రెండోదాని కిందికి తీసుకెళ్ళింది. తెల్లటి నీళ్ళు మడుగులో దూకుతున్నాయి. పంది ఎముకల్ని, ఆకుల్ని వాగు ఎప్పుడో ఈడ్చుకుపోయింది. మాస్టర్లు "ఎంత చక్కగా ఉందో" అనుకుంటూ పిల్లల్లా నీళ్ళలో దిగారు.

"మూడోది ఎక్కడమ్మా?"

"పైన. ఎక్కొద్దు సార్. అక్కడ కాలు జారుద్ది" అని, వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఉండకుండా ఇంటికొచ్చేసింది. తర్వాత ఎవరొచ్చి అడిగినా చేత్తో వాగు వైపు చూపించేదే తప్ప, తను వెళ్ళలేదు.

జోజప్ప డెబ్బైఅయిదులో పోయాడు. ప్రేమావతిని అంతోనమ్మ తిరువూరు బడిలో వేసింది. చదువులో పిల్ల చురుకు. రాత్రి పక్కలో పడుకుని ఆ రోజు పాఠాలన్నీ అత్తకి అప్పజెప్పేది.

డెబ్బైతొమ్మిదిలో పాలెంలో బోరింగు పంపు వేశారు. పంపు దగ్గర ఎవరి బిందె ముందన్న తగవులో ఒకావిడ నోరు జారింది. "మీ అత్త ఆ రోజు నీళ్ళిచ్చుంటే మీ అమ్మ బతికుండేది, నా మీద అరుస్తావేంటి?" అంది. ప్రేమావతికి అప్పుడు పన్నెండేళ్ళు. బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. అంతోనమ్మ బియ్యం చెరుగుతోంది.

"అత్తా, అమ్మ నిన్ను నీళ్ళడిగిందా?"

అబద్ధం ఆడొచ్చు. కళ్ళారా చూసిన జోజప్ప ఇప్పుడు లేడు. అంతోనమ్మ చేట కింద పెట్టింది.

"అడిగింది. నేను ఒక చెంబే ఇచ్చాను."

"ఆ రోజు మనింట్లో నీళ్ళున్నాయా?"

"సగం బిందె ఉన్నాయి."

"మరి ఎందుకివ్వలేదు?"

"మావయ్యకి కావాలనుకున్నాను. ఇంకా, నా మాట చెల్లాలనుకున్నాను. నేను పెట్టిన కట్టుబాటు నా ఇంటివాళ్ళే తప్పితే నన్నెవరూ లెక్కచెయ్యరనుకున్నాను. అది వెళ్ళుద్దనుకోలేదు ప్రేమా."

పిల్ల ఏడవలేదు, అరవలేదు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాటినుంచి తింది, బడికెళ్ళింది, పిలిస్తే పలికింది. పాఠాలు అప్పజెప్పడం మాత్రం మానేసి, చాప వేరే వేసుకుంది. వేసవి సెలవులకి బెజవాడలో తండ్రి దగ్గరికి వెళ్ళింది. సెలవులయ్యాక బడి తెరిచారు. పిల్ల రాలేదు. ఒక పోస్టుకార్డు వచ్చింది. పుల్లమ్మ కొడుకు చదివి పెట్టాడు. నాన్న ఇక్కడే బడిలో చేరుస్తున్నాడు, టీసీ తీసి పంపించమని, రెండు లైన్లు. కింద సంతకం.

అంతోనమ్మ ఆ రోజు కూలి మానుకుని తిరువూరు వెళ్ళింది. బడి వరండాలో మధ్యాహ్నందాకా నిలబడింది. గుమాస్తా కాగితం రాసి, "పిల్లకి నువ్వేమవుతావు?" అని అడిగాడు.

"మేనత్తని కాదండీ, మేనమామ పెళ్ళాన్ని" అని చెప్పి వేలిముద్ర వేసింది. కాగితాన్ని మడత నలగకుండా గుడ్డలో చుట్టి, బస్టాండుకెళ్ళి, బెజవాడ బస్సు కండక్టరు మొహిద్దీన్ చేతికిచ్చి, యోసేపు పనిచేసే లారీ షెడ్డు గుర్తులు రెండుసార్లు చెప్పింది.

"ఇంకేమన్నా చెప్పమంటావా పిన్నీ?" అన్నాడు కండక్టరు.

"తడవకుండా దాచుకోమని చెప్పు" అంది. బస్సు కదిలాక, పాలెం దారిన నడిచి వచ్చేసింది.