బస్తాడు పాత సామాన్లు, ఒక మొక్కు

నాకు కోపం ఎక్కువ. నేను ఒప్పుకోను గానీ, గజపతినగరంలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న వాళ్ళని ఎవరినడిగినా చెబుతారు. కోపం తర్వాత నాకున్న రెండో జబ్బు షుగరు. ఆ రెండో జబ్బు మూలంగానే, స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకీ వస్తున్న రోజుల్లో, నలభైకి దగ్గర పడ్డాక నేనొక గేరు సైకిలు కొన్నాను. డాక్టరు నిజానికి నడవమన్నాడు. నడుస్తుంటే దారిలో కనబడ్డ ప్రతివాడూ ఆపి, "ఏటి మాస్టారూ, బండి పాడైపోనాదా?" అని అడిగేవాడు. రోజుకి పదిమందికి జవాబు చెప్పుకునే ఓపిక లేక సైకిలెక్కాను.

అది కొండలెక్కే రకం సైకిలు. నీలం రంగు, లావు టైర్లు, ముందు షాకులు, డిస్కు బ్రేకులు. విజయనగరంలో ఒక ఉద్యోగి మోజు తీరిపోయి అమ్ముకుంటుంటే తెచ్చుకున్నాను. మా అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

"క్యారేజీ లేదు, స్టాండు లేదు, మడ్డుగార్డు లేదు. సగం సామాన్లు ఊడబీకేసి ఇచ్చినాడేటిరా నీకు?"

"ఇవి ఉండవమ్మా. ఇది కొండలెక్కే సైకిలు."

"కొండెక్కితే మాత్రం సంచి ఎక్కడ తగిలిస్తావు?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది కాబట్టి కోపం తెచ్చుకుని లోపలికి పోయాను.

ఆ సైకిలు వారానికొక భాగం చొప్పున నా చేతికి ఊడి రావడం మొదలుపెట్టింది. మొదట పెడలు విరిగింది. తర్వాత చైను సాగింది. తర్వాత వెనక చక్రం ఎనిమిది అంకెలాగా వంకర తిరిగింది. మధ్యాహ్నం భోజనాల గంటలో ఫోన్లో వీడియోలు చూసి రిపేర్లు నేర్చుకునేవాణ్ణి. సామాన్లు ఆన్‌లైన్లో చవకరకం చూసి తెప్పించేవాణ్ణి. కొరియరు వాడు మా ఊరిదాకా రాడు, కాబట్టి ఒక్క బోల్టు కోసం బస్సెక్కి విజయనగరం వెళ్ళి తెచ్చుకున్న రోజులున్నాయి.

మా వీధి చివర సైకిలు షాపు మావ ఒకాయన ఉండేవాడు. ఏ చప్పుడు వినిపించినా ఆయన చెప్పే మందు ఒకటే: "ఓవరాయిలింగు సేసీమంటావేటి మాస్టారూ?" వెనక చక్రం దగ్గర చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకో దాని మీదికి జరిపే చిన్న చెయ్యి లాంటి ముక్క ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు డీరెయిలర్. ఆయన దాన్ని కొక్కెం అనేవాడు. నాలుగు రోజులకి నేనూ కొక్కెమనే అన్నాను, నోరు తిరగక.

సామాను ఎంచుకోవడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "ఆపీదానికి ఖర్సెట్టు మాస్టారూ, పరిగెట్టీదానికి ఎందుకు?" అనేవాడు. అందుకని బ్రేకు ముక్కలూ టైర్లూ మంచివి కొన్నాను. మిగతాదంతా మన సరుకే. గేరు వైరు తెగితే మోపెడ్ క్లచ్చి వైరు కోసి వేశాడు. హ్యాండిలు పట్టుకి పాత ట్యూబు చుట్టాడు. వానకోటు కావాలంటే నేను వడ్లు ఆరబెట్టే బరకం ముక్క కోయించి, తల దూరేలా మధ్యలో కంత పెట్టుకున్నాను. అది వేసుకుని తొలకరి వానలో వెళుతుంటే, లారీ మీంచి ఎగిరిపడిన బరకమేమో అనుకుని ఒకాయన ఆపి పట్టుకోబోయాడు.

ఆన్‌లైన్లో తెప్పించిన వాటిలో నా పరువు గంగలో కలిపింది సైకిలు నిక్కరు. సీటు ఒరుసుకోకుండా దానికి కింద మెత్తటి స్పాంజి కుట్టి ఉంటుంది. దండెం మీద ఆరేసిన ఆ నిక్కరుని మా అమ్మ నొక్కి చూసింది. ఆ తర్వాత పక్కింటావిడని పిలిచి ఆవిడ చేతా నొక్కించింది.

"సూడు, దిండు కుట్టీసి ఉన్నాది. పడుకున్నప్పుడు తల కింద ఎట్టుకుంటారు గానీ, ఇక్కడెందుకే దిండు?"

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వీధి వీధంతా నా వెనకవైపే చూస్తోంది.

ఇన్ని వెక్కిరింతలూ చేసిన మనిషే, రోజూ నేను తొక్కి రాగానే చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. మేజోళ్ళు విప్పమనేది. కాలి వేళ్ళ సందులన్నీ విడదీసి చూసేది. ఎక్కడైనా చిన్న గీరు కనబడిందా, ఇక నా పని అయిపోయినట్టే. పెళ్ళాం పిల్లలు చూస్తుండగా నా వేళ్ళు పైకి లెక్కపెట్టేది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదే వచ్చేవి. లెక్కల మాస్టారి ఇంట్లో అంతకంటే ఏం వస్తాయి! నాకు చిర్రెత్తుకొచ్చి కాలు వెనక్కి లాక్కునేవాణ్ణి. ఆవిడ మళ్ళీ ముందుకి లాక్కునేది.

రెండేళ్ళు గడిచేసరికి షుగరు అదుపులోకి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ అరసవల్లి సూర్యదేవుడున్న తూర్పువైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"అయితే ఈ మాఘం ఆదివారం అరసవిల్లి ఎలిపోవాల. మొక్కు ఉన్నాది."

"సరే, బస్సులో వెళదాం."

"బస్సులో నాను వస్తాను. నువ్వు ఆ సైకిలు తొక్కుకుంటూ వస్తావని మొక్కినాను."

చీపురుపల్లి, పొందూరు మీదుగా అడ్డదారిన వెళ్ళినా తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ చేరం. "నన్నడక్కుండా నా కాళ్ళెలా మొక్కేశావమ్మా?" అని అరిచాను.

"నిన్నడిగితే ఒప్పుకుంటావేటి?" అని, పెరట్లోకి వెళ్ళి సైకిలు చూసొచ్చింది. వచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయింది. "ఒరే, నాను మొక్కింది నీలం సైకిలు. ఇది నల్లది."

"ఫ్రేము పగిలింది కదమ్మా, వేరేది వేశాను. సైకిలు అదే."

"మరి సక్రాలో?"

"మార్చాను."

"సీటు? సైను? ఆ కొక్కెం?"

"అవీ మార్చాను."

"మరి పాతది ఏటుందిరా అందులో?"

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. "బెల్లు," అన్నాను.

"అంత దేవుడి కాడికెలిపోయి బెల్లు సూపించమంటావేటిరా!" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. మా నాన్నకీ షుగరే. బొటనవేలికి పుండు పడినప్పుడు, మానితే కాలినడకన అరసవల్లి వస్తాడని అమ్మ మొక్కుకుంది. పుండు మానింది. అప్పుడు నాట్లు, తర్వాత కోతలు, తర్వాత నా పరీక్షలు. ఇదిగో అదిగో అని రెండేళ్ళు జరిపారు. ఈలోపు మళ్ళీ పుండు పడింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. నడిచి వస్తానని మొక్కిన మనిషికి నడవడానికి కాలు లేకుండా పోయింది. ఆ మొక్కు అలాగే ఉండగా ఆయన పోయాడు. మొక్కు తప్పినందుకే అలా అయిందని అమ్మ నమ్మకం. ఇన్సులిను గురించి ఆవిడకి నేను ఎన్నిసార్లు పాఠం చెప్పానో! విన్నంతసేపూ తల ఊపి, చివరికి "అయినా ఒక్కసారి నడిసుంటే బాగుణ్ణు" అనేది.

మర్నాడు పొద్దున్న మంచం కిందనుంచి ఒక యూరియా బస్తా బయటికి లాగింది. రెండేళ్ళుగా నేను ఊడదీసి పారేసిన ప్రతి సామానూ అందులో ఉంది. తుప్పు పట్టకుండా ఒక్కోదానికీ ఆముదం రాసి, పాత పేపర్లో చుట్టి దాచింది. పెరట్లో ఆనపకాయ పాదుకి ఊతంగా పెట్టిన పాత నీలం ఫ్రేము ఒక్కటే బాకీ. దాన్నీ పీకించింది. తీగ విడిపించే ఓపిక లేక తీగతో సహా పీకించింది.

"అది ఎలాగూ తొక్కలేవు. ఎనకాల ఇది కూడా వస్తే ఆ సైకిలూ వచ్చినట్టే," అని తీర్మానించింది.

ఆ ఆదివారం ఊరేగింపు ఇలా సాగింది. ముందు నేను, నా దిండు నిక్కరు. వెనక మా అక్క మొగుడు, అంటే మా బావ, తోలే ఆటో. ఆటోలో అమ్మ, ఒళ్ళో బస్తా. ఆటో పైన తాళ్ళతో కట్టిన నీలం ఫ్రేము, దానికి వేలాడుతూ ఆనపతీగ, రెండు పిందెలు. ప్రతి ఊళ్ళోనూ జనం ఆగి చూశారు. ఒక చోట టీ కొట్టాయన, "ఆ కాయలు అమ్ముతారేటి?" అని అడిగాడు. బావ ఆటో ఆపి బేరం మొదలుపెట్టబోతే అమ్మ వెనకనుంచి వీపు మీద ఒక్కటేసింది.

పొందూరు దాకా బాగానే తొక్కాను. అక్కడ టీ తాగుతుంటే అమ్మ సంచిలోంచి ఒక ఖద్దరు పంచె తీసింది. సన్నటి నేత, మడత కూడా విప్పలేదు.

"దిండు నిక్కరుతో దేవుడి ఊళ్ళోకి పోతావేటి? ఇది కట్టు. మీ నాన్న నడిసొచ్చీటప్పుడు కట్టుకుంటాడని ఈ ఊర్లోనే కొన్నాను."

నిక్కరు మీదే కట్టుకున్నాను. గేరు సైకిలుకి చైను మీద మూత ఉండదని రెండేళ్ళు రిపేర్లు చేసిన నాకు తెలియదా? తెలుసు. అంచు పైకి దోపుకున్నాను, చాలనుకున్నాను.

ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో, దోపిన అంచు ఊడింది. చైను దాన్ని పట్టుకుని మింగడం మొదలుపెట్టింది. నేను బ్రేకు నొక్కేలోపు సగం పంచె వెనక పళ్ళల్లోకి వెళ్ళిపోయింది, టక్‌మని కొక్కెం విరిగింది, నేను ఎగిరి రోడ్డు మీద కూర్చున్న మనిషిలా పడ్డాను. దిండు అక్కరకొచ్చింది. దెబ్బ తగల్లేదు గానీ, నడిరోడ్డు మీద సైకిలుకి కట్టేసిన దూడలా పంచెతో ఇరుక్కుపోయాను.

బావ ఆటో ఆపి, పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "బామ్మర్దీ, సైకిలు కూడా ఆటోలో పడీ. ఇంకెంతుందని? దేవుడికేటి తెలుస్తాది?"

అమ్మ మాత్రం ఆటో దిగి, విరిగిన కొక్కెం చేతిలోకి తీసుకుని, అక్కడే గట్టు మీద కూలబడింది. "ఈ మొక్కు కూడా తప్పిపోనాదిరా," అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను, నాన్న కాలు తీశాక ఆస్పత్రి వరండాలో.

"నోర్ముయ్ బావా!" అని అరిచాను, నవ్వుతున్నది ఆయనొక్కడే కాబట్టి. "అమ్మా, ఆ బస్తా ఇలా ఇయ్యి."

బస్తా రోడ్డు మీద బోర్లించి పేపరు పొట్లాలు విప్పాను. పెడలు, సీటు, చైను ముక్కలు. అన్నిటి కిందా పాత కొక్కెం దొరికింది. నిజానికి అది పాడై తీసింది కాదు. కొత్తది మెరుస్తోందని మోజుపడి మార్చాను. ఆముదం తాగి ఉంది కాబట్టి వేలు పెట్టగానే హాయిగా కదిలింది. ఆటోలోంచి పానా తెచ్చి చక్రం వదులు చేశాను. చైను పిన్ను ఊడదీశాను. పంచె రాలేదు.

"సింపీ," అంది అమ్మ.

"నాన్నది కదమ్మా."

"సింపీమన్నానా?"

చింపాను. పాత కొక్కెం బిగించాను, చైను కలిపాను. "బిగించీసీ ముందు తిప్పి సూడాల" అని షాపు మావ చెప్పినట్టే తిప్పి చూశాను. ఉన్న గేర్లలో మూడే పడుతున్నాయి. ఆ మూడూ చాలు. చేతులకంతా ఆముదం, మోచేతులదాకా నల్లటి మడ్డి. అమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది. కొంచెం తేరుకుంది.

"పాతదే పనికొచ్చినాది సూసావా?" అంది.

"చూశాను."

"మరి నన్ను పిచ్చిదన్నావు."

"ఎప్పుడన్నాను!" అని మళ్ళీ కోపం తెచ్చుకుని సైకిలెక్కాను.

మధ్యాహ్నం దాటాక అరసవల్లి చేరాం. ఆటోలు, జనం, కొబ్బరికాయల కొట్లు. అమ్మ అందరినీ జరుపుకుంటూ నన్ను గుడి ముందు కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. బూట్లు విప్పమంది. ఈసారి కాలు వెనక్కి లాక్కోలేదు. ఆ జనంలో కింద కూర్చుని తనే నా పాదాలు కడిగింది. చింపిన పంచె ముక్క కొంగులోంచి తీసి, వేళ్ళ సందులన్నీ తుడిచింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. పది వచ్చాక ఆగింది.

బావ ఫ్రేము దించుతూ, "అత్తా, ఇదెక్కడెట్టాల?" అని అరిచాడు. అమ్మ వినిపించుకోలేదు. నా పాదాలు రెండు చేతులతో పట్టుకునే గోపురంవైపు తలెత్తింది.

"సామాన్లన్నీ మార్సీసినాడు సామీ. కాళ్ళు మాత్రం నువ్విచ్చినవే. సూసుకో."