డిస్క్‌లో లేని పెళ్లి కార్డు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఇది చదివి ప్రార్థన చేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు. దయచేసి మానండి.

గవర్నర్‌పేటలో పెళ్లి కార్డులు వేసే షాపులో డీటీపీ చేస్తాను. నాతోపాటు అదే కంప్యూటర్ మీద పనిచేసే సుబ్బారావు గారు ఆమధ్య గుండెపోటుతో చనిపోయారు. వారం నుంచీ నొప్పి ఉందట. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

శనివారం శనివారం పాత కార్డుల ఫైళ్లు తీసేసేది ఆయనే. పెళ్లి జరిగినా, ఆగిపోయినా, ఇక ఆ కార్డుతో పనిలేదని తేలాకే తీసేవారు. ఆయన పోయాక ఆ పని ఎవరమూ పట్టించుకోలేదు.

నెల తిరిగేసరికి, ఒక మధ్యాహ్నం, మా చెల్లి ఎస్తేరు పెళ్లి కార్డు ప్రింటుకి పంపాలి. అమ్మానాన్న లేరు, దాన్ని పెంచింది నేనే. పామర్రు సంబంధం. కంప్యూటర్ పాస్‌వర్డ్ తీసుకుంటుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. పదిసార్లు కొట్టాను. రిపేరు అతనికి ఫోన్ చేస్తే డిస్క్ నిండిపోయి ఉంటుంది, ఫార్మాట్ చేసేద్దామన్నాడు. నిండిపోయానని ఆ ముక్కేదో తెరమీద వేసి చావొచ్చుగా!

ఒళ్లు మండి, సుబ్బారావు గారి ఖాళీ కుర్చీ మీద అరిచాను.

“మీ దారిన మీరు పోయారు. ఈ చెత్తంతా ఎవరు తీస్తారండీ?”

మొహం కడుక్కొచ్చి మళ్లీ కొట్టాను. తెరుచుకుంది. సగం డిస్క్ ఖాళీ. అయిపోయిన పెళ్లిళ్ల కార్డులన్నీ పోయాయి. జరగాల్సినవన్నీ ఉన్నాయి, ఎస్తేరు కార్డు తప్ప. రీసైకిల్ బిన్‌లోనూ లేదు. ఓనర్ భోజనానికి వెళ్లాడు, షాపులో నేనొక్కదాన్నే.

తిట్టుకుంటూ మొత్తం మళ్లీ టైపు చేశాను. పెళ్లికొడుకు పేరు దగ్గరికొచ్చేసరికి ఎస్తేరు ఫోన్.

“కార్డులు వెయ్యొద్దక్కా. అబ్బాయికి మొదట్నించీ ఇష్టం లేదంట. పొద్దున వాళ్లింటివాళ్లు పాస్టర్ గారికి చెప్పారంట.”

అది ఒకటే ఏడుపు. మొదటి నుంచీ ఇష్టం లేనివాడు మొదటి రోజే చెప్పడానికి ఏం రోగం?

ఫైళ్లు వాటంతటవే పోవని, ఎవరో కూర్చుని ఏరి తీసినట్టుందని రిపేరు అతను చూసి చెప్పాడు. ఎవరో నాకిప్పటికీ తెలియదు. సుబ్బారావు గారే అని నేననను. ఒకవేళ ఆయనే అయితే మాత్రం, బతికుండగా చెప్పలేదు సరే, పోయాకైనా ఒక్క ముక్క చెప్పొచ్చుగా.