గుర్తులేమీ లేవన్నారు

మొన్న పొద్దున నల్గొండ గడియారం సెంటర్లో టీ తాగుతుంటే హోటలు గోడకున్న టీవీలో ఏదో అంతర్జాతీయ సభ చూపిస్తున్నారు. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, తమ దేశం ముందు పెట్టుకున్నవి శాంతి, నిరాయుధీకరణ, మానవ హక్కులని నిదానంగా చెబుతున్నాడు. ఆ మాటలు వింటూనే నా కళ్ల ముందుకు మా మేనత్త వచ్చి నిలబడింది. కలెక్టరు ఆఫీసులో బల్ల ముందు, చూపుడువేలితో పై పెదవి ఎత్తి, అంగట్లో ఎద్దు పళ్లు చూపించినట్టు తన పళ్లు తానే చూపించిన మేనత్త. గోధుమరంగు చారలు పడి, అంచులు అరిగిన పళ్లు. బల్ల అవతల కూర్చున్న అధికారి చిన్న వయసువాడు, మంచివాడే, ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"గిట్లనే ఉంటయి సారూ, నా కొడుకువి గూడ" అంది అత్త.

నేను చాలా ఏళ్లు నల్గొండలోనే ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. విదేశీ వార్తల పేజీ హైదరాబాదు నుంచి తయారై వచ్చేది కానీ, ఆఖరి నిమిషంలో విత్తనాల వాళ్లదో, కాలేజీ వాళ్లదో ప్రకటన వచ్చి పడితే ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పేది కాదు. అలవాటుగా చెయ్యి విదేశీ వార్త చివరి పేరా మీదికే పోయేది. ఈ మూడు మాటలూ ఉండేది సాధారణంగా ఆ చివరి పేరాలోనే. వాటికోసం పేపరు కొనేవాళ్లు మన జిల్లాలో ఎవరుంటారని మా అందరి లెక్క. నిజంగానే ఏ పాఠకుడూ ఆ పేరా ఏమైందని ఎన్నడూ అడగలేదు.

మాది కేతేపల్లి దిక్కు. మా నాయిన చెల్లెలిని మర్రిగూడ మండలంలో ఒక వ్యవసాయం చేసుకునే ఇంటికి ఇచ్చారు. సెలవులకు అక్కడికి పంపేటప్పుడు అక్కడివి ఫ్లోరైడు నీళ్లు, ఎక్కువ తాగొద్దని మా అమ్మ చెప్పి పంపేది. ఎండాకాలంలో మర్రిగూడలో నీళ్లు తాగకుండా ఎలా ఉండాలో మాత్రం చెప్పేది కాదు. అత్త ఇంట్లో అందరి పళ్లూ చారలు పడి ఉండేవి, వాడలో అందరివీ అంతే, ఒక్క బయటి నుంచి వచ్చిన పంతులుగారివి తప్ప. మాకు ఆయన పళ్లే వింతగా ఉండేవి. ఆ ఊళ్లో నవ్వేటప్పుడు ఎవరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోరు. ఆ అలవాటు నల్గొండ కాలేజీలో చేరాక వస్తుంది. అత్త చిన్నకొడుకు, వరసకు నాకు బామ్మర్ది, కాలేజీ దాకా రాలేదు కాబట్టి చివరిదాకా నోరారా నవ్వాడు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పత్తి ఎండిపోయి, వేసిన బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాకపోయేసరికి, అతను దుబాయి పోతానన్నాడు. మా దిక్కున ఏ ఎడారి దేశమైనా దుబాయే. అతను వెళ్లింది వేరే దేశానికి, మేస్త్రీ పనికి. ఇంట్లో భార్యకు అప్పుడు ఏడో నెల. బస్సెక్కే ముందు నన్ను ఆటపట్టించాడు. "బావా, పేపర్ల దేశాలన్ని దిద్దుతవు గని ఒక్కటన్న జూసినవా? నేను జూసొచ్చి జెప్త తియ్యి."

వెళ్లిన కొన్నాళ్లకు కంపెనీవాళ్లు కొందరిని పక్క దేశానికి పంపారు. అక్కడ యుద్ధం ఆగిందని, కూలిన ఇళ్లు మళ్లీ కట్టాలని చెప్పారట. ఆ దేశం పేరు రాయను, ఆ తర్వాత అలాంటి దేశాలు ఇంకా చాలా అయ్యాయి. ఆగిందన్న యుద్ధం మళ్లీ మొదలైంది, బామ్మర్ది ఫోను ఆగిపోయింది.

అత్తా కోడలూ నల్గొండ వచ్చి కలెక్టరు ఆఫీసులో చెప్పుకున్నారు. వయసు, ఎత్తు, చామనఛాయ అన్నీ రాసుకుని, ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగారట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుర్తులేమీ లేవు సారూ, అందరి లెక్కనే ఉంటడు అన్నారట. ఆ రోజు నేను వెంట లేను. ఉన్నా అదే మాట అనేవాణ్నేమో. పుట్టినప్పటి నుంచీ అందరి నోళ్లలో చూసినదాన్ని గుర్తని ఎవరనుకుంటారు? ఆ కాగితం ఢిల్లీ మీదుగా ఎక్కడెక్కడికో తిరిగి, బతికి ఉన్నవారిలోగానీ గుర్తుపట్టిన మృతుల్లోగానీ అలాంటి మనిషి లేడని తిరిగొచ్చింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన రోజు పెత్రమాస. పోయినవాళ్ల పేరు చెప్పి పొద్దున అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున భర్త పేరు మీద బియ్యం ఇస్తే, బొట్టు పెట్టుకుని సాయంత్రం ఆటలోకి దిగడానికి లేదు. ఆటలోకి దిగితే, బియ్యం ఇవ్వడానికి లేదు. అతని భార్య, వరసకు నాకు చెల్లెలు, బతుకమ్మ పేర్చేది, మోసుకుపోయేది, దించి పక్కన నిలబడేది. ఒక ఏడు నేను అక్కడున్నప్పుడే అత్త కచ్చితంగా చెప్పింది. "వాని పేరు జెప్పకు. జెప్తే వాడొచ్చే తొవ్వ మూసినట్టే." కోడలు చేటలో బియ్యం కలియబెడుతూ అంది. "ఇయ్యకపోతె ఆకలితోని తిరుగుతడేమో అత్తమ్మా." ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది.

ఇలా ఉండగా ఆ దేశంలో మళ్లీ ఒప్పందం కుదిరింది. చిక్కుకుపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారని, అదే పట్టణంలో వేరే క్యాంపులో ఉన్న మేస్త్రీ ఒకాయన పాలమూరు చేరాడని మా మహబూబ్‌నగర్ విలేకరి చెప్పాడు. నేను ఫోను చేస్తే, మీ మనిషిని నేను చూసిందే లేదు, ఆ మాట ఇంటివాళ్లకు ఎదురుగా చెప్పిపోతానంటూ పాపం బస్సెక్కి వచ్చాడు. ఆయన్ని వెంటబెట్టుకుని అత్త ఇంటికి పోయాను. తెలియదన్న మాట చెప్పాడు, అత్త తలూపింది. చెంబుతో నీళ్లిచ్చింది. అప్పటికి ఆ ఊరికి నల్లా నీళ్లు వచ్చాయి.

"తాగు బిడ్డా, ఫికర్ జెయ్యకు. గిప్పుడు మంచినీళ్లే, మా పండ్లసోంటియి నీకు రావు" అని నవ్వింది.

ఆయన చెంబు నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. అత్త పళ్లు చూశాడు, గడపలో నిలబడ్డ చెల్లెను చూశాడు.

"అవ్వా, మీ ఇంట్ల అందరియి గిట్లనే ఉంటయా?"

"ఇంట్లేంది, ఊరంత గిట్లనే. ఎందుకు, సంబంధం జూడనీకొచ్చినవా?"

ఆయన నవ్వలేదు. చెంబు కింద పెట్టి, కొంచెం కొంచెంగా చెప్పాడు. బాంబులు పడ్డ మర్నాడు, చనిపోయిన పరాయి దేశం కూలీలను పూడ్చడానికి పట్టణం వాళ్లు బతికున్న కూలీలనే పిలిచారు. ఊరి బయట ఒక పొలంలో పూడ్చారు. అందులో ఒకతని ముఖం తెలియకుండా ఉంది. పళ్లు మాత్రం తెలుస్తున్నాయి, వాటి మీద ఇలాంటి చారలే. జబ్బు మనిషేమో అనుకున్నారట. చెల్లె లోపలికి పోయింది. అత్త మాత్రం కదలకుండా కూర్చుని ఒక్కటే అడిగింది.

"మట్టి మంచిగ గప్పిన్రా?"

"గప్పినం అవ్వా. నేనే పార వట్టిన."

అత్త కలెక్టరు ఆఫీసులో పెదవి ఎత్తి చూపించింది ఆ మరుసటి వారమే. ఆ అధికారి నిజాయితీగా మాట్లాడాడు. ఇలాంటి నీళ్లు తాగే ఊళ్లు ఒక్క మర్రిగూడలోనే లేవు, మన దేశంలో ఉన్నాయి, బయటా ఉన్నాయి, పళ్లను బట్టి తేల్చలేం, తల్లి రక్తంతో ఆ ఎముకలను పోల్చి చూడాలన్నాడు. ఎంత గావాల్నో తీస్కోర్రి అని అత్త చెయ్యి చాపింది. రక్తం తీసి పంపారు.

తర్వాత కబురు నేనే ఆఫీసుకు పోయి తెలుసుకున్నాను. తర్వాత పోరు ఆ పూడ్చిన పొలం మీదికే వచ్చిందట, రెండు పక్షాలవాళ్లూ పోటీపడి మందుపాతరలు పెట్టారట. సంతకాలైతే అయ్యాయి, పాతినవి తీసే పని మొదలు కావాలి, అప్పటిదాకా అందులోకి ఎవరినీ పోనివ్వరు. మందుపాతర అంటే ఏమిటో మా జిల్లాల మనుషులకు విడమర్చి చెప్పనక్కర్లేదు, అత్తకు చెబితే వెంటనే అర్థమైంది. వాన్ని మన్నుల పెట్టినంక అవి పెట్టిన్రా, ముందల్నే ఉండెనా అని అడిగింది. పూడ్చినాకే అన్నాను. ఎందుకో కొంచెం ఊరట పడినట్టు కనిపించింది. పూడ్చినవాళ్లకు ఏమీ కాలేదు కదా అనుకుందేమో. డెస్కులో చివరి పేరాలో ఉండే ఆ మూడు మాటలూ ఒక పొలం గట్టు మీద వరసగా నిలబడటం నేను చూసింది అప్పుడే. శాంతి కాగితం మీద వచ్చింది, నిరాయుధీకరణ రాలేదు, అది రాలేదు కాబట్టి ఒక తల్లికి తన బిడ్డ ఏడీ అని అడిగే హక్కు ఉంది గానీ జవాబు దొరకదు.

అత్త పోయి రెండేళ్లు దాటింది. అతను బస్సెక్కాక పుట్టిన పిల్ల ఇప్పుడు పెద్ద బడిలో చదువుతోంది. ఆ పిల్ల పళ్లు తెల్లగా ఉంటాయి, ఆ ఊళ్లో ఆ వయసు పిల్లలందరివీ తెల్లగానే ఉంటాయి. ఎన్ని ఏళ్లు ఆ నీళ్ల గురించి వార్తలు దిద్దామో, ఎన్ని ఫొటోలు వేశామో, చివరికి ఆ మచ్చ పోతోంది. సంతోషించాల్సిందే, సంతోషంగానే ఉంది కూడా. కానీ ఆ పిల్ల నవ్వినప్పుడల్లా అత్త ఎందుకో తల పక్కకు తిప్పుకునేది. ఇప్పుడు నాకూ అలాగే అవుతోంది. తండ్రి ఇలా ఉండేవాడని చూపించడానికి ఆ ఇంట్లో మిగిలింది ఒక్క ఫొటో, అందులో పెదవులు మూసుకుని ఉన్నాడు. పాస్‌పోర్టుకు దిగింది కదా.

పోయిన పెత్రమాసకు నేనూ ఉన్నాను. అత్త పేరు మీద బియ్యం ఇచ్చారు. అయ్యగారు దోసిలి పట్టి, ఇంకెవరి పేరైనా ఉందా తల్లీ అని అడిగాడు. చెల్లె చేట కింద పెట్టి, లేదని తల అడ్డంగా ఊపింది. సాయంత్రం బతుకమ్మ దించి పక్కన నిలబడింది.

రక్తం నమూనా హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో భద్రంగా ఉందని చెప్పారు. ఆ దేశంలో ఆ పట్టణానికి అవతలి వైపు రోడ్డు మీద మందుపాతరలు తీసేశారట, ఆ పొలంలోకి మాత్రం ఇంతవరకు ఎవరూ అడుగు పెట్టలేదు.