ముక్కాయన సంతకాలు

ఆ క్లోరిన్ కర్మాగారంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటరును అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ముక్కాయన. ముక్కేమీ పొడుగూ కాదు, వంకరా కాదు. గోడమీది మీటరు కూయకముందే గ్యాసు ఎక్కడ కారుతోందో పసిగట్టేవాడు, అంతే.

పక్క కర్మాగారానికి అక్కర్లేని హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాసు పైపుల్లో ఇక్కడికి వస్తుంది. దాన్ని ఆక్సిజన్‌తో కలిపి, బాగా కాగిన గొట్టాల్లోని ఉత్ప్రేరకం గుళికల మీదుగా పంపితే క్లోరిన్, నీటి ఆవిరి తయారవుతాయి. గుళికలు నీరసించినప్పుడల్లా రియాక్టరు విప్పాలి, కొత్తవి నింపాలి, మళ్లీ బిగించాలి. తర్వాత కొద్దిగా గ్యాసు వదిలి, ప్రతి జాయింటు దగ్గరా అమోనియా సీసా నొక్కాలి. గ్యాసు కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. రూలు అదీ. జరిగేది వేరు. ముక్కాయన వంగి, గాలి పీల్చి, "బాగుంది" అంటే బాగున్నట్టే. తనిఖీ పుస్తకంలో ఆయన సంతకం పడేది. సీసా బీరువాలో దుమ్ము కొట్టుకుపోయేది. ఇంతమంది చదువుకున్నవాళ్లుండి ఒక మనిషి ముక్కు మీద కర్మాగారాన్ని నడిపారంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒక సెలవురోజు భార్య పొయ్యిమీద పాలు పెట్టి, చూస్తూ ఉండమని మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది. ఆయన పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. కాసేపటికి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"పైదాకా మాడు వాసన కొడుతోంది. మీరు పక్కనే ఉండి తలెత్తరా?"

ఆయన నల్లబడ్డ గిన్నె దగ్గరికి వంగాడు. ఏమీ లేదు. ఆమె అటు తిరగ్గానే ఉల్లిపాయ చిదిమి చూశాడు, సబ్బు చూశాడు. అన్నీ మంచినీళ్లలాగే ఉన్నాయి. ఆయనకు నిజంగా భయం వేసింది. ముక్కు లేకపోతే కర్మాగారంలో తానెవరు? ఎవరికీ చెప్పలేదు.

మూడు రోజులకే రియాక్టరుకు కొత్త గుళికలు నింపారు. బోల్టులు బిగించింది ఫిట్టరుగా పనిచేసే బావమరిదే.

"రా బావా, నీ ముక్కుకు పని పడింది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ముక్కాయన మొదటి జాయింటు దగ్గర వంగి గట్టిగా పీల్చాడు. "బాగుంది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అడిగే నాథుడు లేడు. కానీ బావమరిది మాస్కు కూడా పెట్టుకోకుండా, నిశ్చింతగా పక్కనే నిలబడి ఉన్నాడు.

"సీసా తీయించండి సార్," అన్నాడు షిఫ్టు ఇన్‌ఛార్జితో. "నా ముక్కు పనిచెయ్యట్లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌ఛార్జి నవ్వలేదు. సీసా తెచ్చి వరసగా చూశారు. కొత్తగా బిగించినవాటిలో ఒక్కటీ కారడం లేదు. ముక్కాయన ఊపిరి పీల్చుకునేలోపు, ఫిట్టరు పనిబల్లకు పైనున్న పాత జాయింటు దగ్గర సన్నగా తెల్లటి పొగ లేచింది.

"దీన్ని ఇప్పుడు విప్పలేదే," అన్నాడు ఇన్‌ఛార్జి. "రెండు నెలల కిందట మీరే చూశారు."

ఫిట్టరు ఆ పొగకేసి, తన బల్లకేసి చూసుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లుగా వదలని నా దగ్గు దీనివల్లనా బావా? డాక్టరు మాట విని అనవసరంగా సిగరెట్లు మానేశానే," అని నవ్వబోయి దగ్గాడు.

తిట్టినా బాగుండేదనిపించింది ముక్కాయనకు. సిగ్గుతో బావమరిది మొహం చూడలేకపోయాడు.

ఇన్‌ఛార్జి పుస్తకం తెచ్చి బల్లమీద తెరిచాడు.

"ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదో చెప్పండి. ఆ తేదీ నుంచి అన్నీ మళ్లీ చూద్దాం."

ముక్కాయన పేజీలు వెనక్కి తిప్పాడు. కిందటి నెల, కిందటి ఏడు, ఆ ముందటేడు. అన్నింటిలోనూ ఒకేలాంటి సంతకం, ఎక్కడా చెయ్యి వణకలేదు. ఆయన పుస్తకాన్ని మొదటికంటా తిప్పి ఇన్‌ఛార్జి ముందుకు జరిపాడు.

"నాకు తెలీదు సార్. ఇక్కణ్నుంచే చూడాలి."